మెటర్నిటీ లీవు ఆర్డరు మీ దగ్గరుందా?

ప్రశ్న: అనంతపురంలో ఒక యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. పీహెచ్‌డీ ఉంది, నాలుగేళ్ల సర్వీసు నిండింది. రెండో కాన్పుకు 180 రోజులు సెలవు పెట్టి కదిరిలో పుట్టింట్లో ఉన్నాను. సీఏఎస్ (సర్వీసు, పనితీరు చూసి ఇచ్చే) ప్రమోషన్‌కు దరఖాస్తు చేస్తే, ఆ ఏడాది 180 క్లాసులకు 84 మాత్రమే చెప్పానని కమిటీ తిరస్కరించింది. నాతో చేరిన ఇద్దరు మగవాళ్లకు వచ్చేసింది. 'పిల్లల్ని పెంచడమే పెద్ద ప్రమోషన్ కదమ్మా' అని ఒక సభ్యుడు నవ్వుతూ అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఇది జరిగి పద్నాలుగు నెలలైంది. నాలుగు అర్జీలు పెట్టినా జవాబు లేదు. సెలవు ఆర్డరు కాపీ నా దగ్గర లేదు. పాత తేదీతో ఒకటి చేయిస్తానని ఆఫీసులో ఒకాయన అంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: ముట్టుకోవద్దు. ఆఫీసులో ప్రతి ఉత్తర్వుకూ నంబరు, రిజిస్టరులో ఎంట్రీ ఉంటాయి. ఒక్క పేజీ తిప్పితే దొంగ తేదీ బయటపడుతుంది. అప్పుడు మీరు ప్రమోషన్ అడిగే టీచర్ కాదు, భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల (ఫోర్జరీ, దొంగ పత్రం వాడకం) కింద నిందితురాలు. ఉన్న ఉద్యోగానికే ఎసరు.

ఆ సభ్యుడి మాట, ఇద్దరు మగవాళ్ల సంగతి పక్కన పెట్టండి. సీఏఎస్ ఖాళీ పోస్టు కోసం పోటీ కాదు, వాళ్లకు ఇచ్చినందువల్ల మీకు ఆగలేదు. ఆగింది లెక్క తప్పడం వల్ల. యూజీసీ 2018 నిబంధనల అనుబంధం 2, పట్టిక 1 కింద స్పష్టంగా ఉంది: మెటర్నిటీ లీవు కాలాన్ని గ్రేడింగ్ నుంచి తీసేసి, మిగిలిన కాలంలో పనిని బట్టి మొత్తానికి లెక్కగట్టాలి. సెలవు వల్ల ప్రమోషన్‌లో నష్టం కలగకూడదు. మీ సెలవు ఒక సెమిస్టర్ అనుకుంటే మిగిలేవి 90 క్లాసులు. తొంభైకి 84 అంటే 93 శాతం, 80 దాటితే 'గుడ్'. కమిటీ 180తో భాగించి 47 చేసింది.

అయితే అదే నిబంధనలో ఒక షరతు ఉంది: సెలవుకు అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. మీ కేసు నిలిచేదీ పడేదీ ఇక్కడే. ఇంత చదువుకుని సొంత సెలవు ఆర్డరు కాపీ దాచుకోకపోవడం ఏమిటమ్మా? సరే, ఆ ఆరు నెలలూ పూర్తి జీతం వచ్చిందా? వచ్చి ఉంటే ఎవరో మంజూరు చేసినట్టే, ఆ కాగితం ఫైల్లో ఉండాలి. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. పది రూపాయలతో ఆర్టీఐ దరఖాస్తు పెట్టి సర్వీస్ రిజిస్టరు పేజీలు, సెలవు ఫైలు నోట్లు, కమిటీ మినిట్స్ అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు, దానికీ ముప్పై రోజులే గడువు.

ఇక ఆలస్యం. అర్జీలు పెడుతూ పోతే కాలం ఆగదు, పాత హక్కుకు కొత్త ప్రాణం రాదు. సి. జాకబ్ కేసులో 2008లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌కు చట్టంలో ఇన్ని రోజులని గడువు లేదు గానీ ఎందుకు ఆగారని జడ్జి తప్పక అడుగుతారు. కర్నూలులో బెంచ్ వస్తుందిలే అని కూర్చోకండి, అమరావతి హైకోర్టుకే వెళ్లండి. ఐదో అర్జీ వద్దు. పై లెక్కతో వకీలు చేత ఒక నోటీసు, ఆర్టీఐ కాగితాలు రాగానే రిట్. మీ ప్రమోషన్ల నోటిఫికేషన్ 2018 నిబంధనల కిందే ఇచ్చారో లేదో ముందు చూసుకోండి.

ఈలోగా యూనివర్సిటీ వాళ్లు మళ్లీ దరఖాస్తు చేయమంటారు. చేయండి, కానీ జాగ్రత్త. తిరస్కరణ తర్వాత రెండోసారి గెలిస్తే ప్రమోషన్ తేదీ తిరస్కరణ నుంచి ఏడాది తర్వాతకి జరుగుతుంది, ఆ ఏడాది పోతుంది. అందుకే దరఖాస్తు మీదే 'మొదటి తిరస్కరణను ప్రశ్నించే హక్కు వదులుకోకుండా' అని రాసి, అందినట్టు ముద్ర వేయించుకుని, ఈసారైనా కాపీ ఇంట్లో పెట్టుకోండి.