కారు లేకుండా, పెద్దవాళ్ళతో ఆల్ప్స్‌లో ఒక రోజు నడక కుదురుతుందా?

స్విట్జర్లాండ్‌లో చేతిలో ఒకే రోజు ఉంది, అమ్మానాన్నలకి ట్రెక్కింగ్ అలవాటు లేదు, కారు అద్దెకి తీసుకోము, నడవగలమా లేక రైల్లో మంచుకొండ మీదికి తీసుకెళ్ళే యుంగ్‌ఫ్రౌయోఖ్ టికెట్ కొనేసుకోవాలా అని అడిగారు కదా.

నడవండి. యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్ 3454 మీటర్ల ఎత్తులో ఉంటుంది, బీపీ ఉన్నవాళ్ళని పొద్దున్నే అక్కడికి ఎక్కించి మంచులో ఫోటో తీసి దింపేయడం నాకు అస్సలు నచ్చదు. పైగా రైళ్ళకీ బస్సులకీ కలిపి పర్యాటకులకి ఇచ్చే స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నా దానికి విడిగా డబ్బు కట్టాలి. మన ప్యాకేజీ టూర్ల వాళ్ళు మాత్రం అదొక్కటే చూపిస్తారు, బస్సులోంచి దింపడం, జనాన్ని లెక్కపెట్టడం, మళ్ళీ ఎక్కించడం. లక్షలు పోసి వచ్చిన పెద్దవాళ్ళు ఒక్క కొండ గాలి కూడా ప్రశాంతంగా పీల్చుకోకుండా వెళ్ళిపోతుంటే కడుపు తరుక్కుపోతుంది నాకు.

నేను జర్మనీలో ఉంటాను, అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చినప్పుడు వాళ్ళని ఆల్ప్స్ లోయలో ఉండే లౌటర్‌బ్రున్నెన్ అనే ఊరికి తీసుకెళ్ళాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో రైలెక్కితే 20 నిమిషాల్లో దిగొచ్చు, కానీ ఆ రైలు మధ్యలో రెండుగా విడిపోయి సగం పెట్టెలు గ్రిండెల్‌వాల్డ్ వెళ్ళిపోతాయి, కాబట్టి పెట్టె మీద ఊరి పేరు చూసి ఎక్కండి. లౌటర్‌బ్రున్నెన్ స్టేషన్‌కి ఎదురుగానే రోప్‌వే ఉంటుంది, అది తిన్నగా 1486 మీటర్ల ఎత్తున గ్రూచాల్ప్‌లో దింపుతుంది. అంటే ఎక్కే కష్టమంతా రోప్‌వే పడుతుంది, అక్కడ్నుంచి మ్యూరెన్ అనే కొండ ఊరి దాకా దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల దారి, ఎక్కుడు కూడా మెల్లగా తెలిసీ తెలియనట్టు ఉంటుంది. ఎదురుగా లోయకి అవతల ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ అనే మూడు కొండలు వరసగా నిలబడి ఉంటాయి, దారి పొడుగునా అవే. యుంగ్‌ఫ్రౌని చూడాలంటే దాని నెత్తికెక్కక్కర్లేదండీ, ఎదురుగా నిలబడితేనే బాగా కనిపిస్తుంది.

ఆ దారి పక్కనే చిన్న రైలు పట్టా ఉంటుంది, మధ్యలో వింటరెగ్ అని స్టాప్ కూడా ఉంది. నేను ఈ దారి ఎంచుకున్నదే అందుకు, ఎవరికైనా ఓపిక అయిపోతే అక్కడ రైలెక్కేసి మ్యూరెన్‌లో కూర్చోవచ్చు. ఈ మాట ముందే చెప్పేసరికి అమ్మకి భయం పోయింది, చీర కొంచెం పైకి దోపుకుని స్పోర్ట్స్ షూస్‌తో అందరికన్నా ముందు నడిచింది. అక్కడ దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ పలకరిస్తారు, అమ్మ ప్రతి ఒక్కరికీ ఆగి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. వింటరెగ్ దాటాక ఒక బెంచీ మీద కూర్చుంటే చేతికర్రలతో నడుస్తున్న ఒక ముసలావిడ వచ్చి పక్కన కూర్చుంది, అమ్మ మోకాలు నిమురుకోవడం చూసి తన ప్యాంటు పైకి లాగి ఆపరేషన్ గాటు చూపించింది. ఇంక చూడండి, ఈవిడ తెలుగు, ఆవిడ స్విస్ జర్మన్, ఇద్దరూ మోకాళ్ళు పట్టుకుని ఎంతసేపు మాట్లాడుకున్నారో! మా చేగోడీలు ఆవిడ తింది, ఆవిడ ఇచ్చిన ఎండు ఆప్రికాట్లు అమ్మ కొంగున కట్టుకుంది. నాన్న మాత్రం కింద మేస్తున్న ఆవుల మెడలో గంట ఎంత బరువుంటుందా అని అదే ధ్యాసలో ఉన్నారు.

దారిలో పసుపు బోర్డుల మీద రాసిన నడక టైము మాత్రం ఎక్కడా ఆగకుండా నడిచేవాళ్ళకి సరిపోతుంది, మీరు దానికి రెట్టింపు వేసుకోండి.

మ్యూరెన్‌లోకి కార్లు రావు. అక్కడ తిని, తిరుగు ప్రయాణం వచ్చిన దారిన కాకుండా అవతలి రోప్‌వేలో స్టెషెల్‌బర్గ్ దిగి పోస్ట్ వాళ్ళ పసుపు బస్సులో లౌటర్‌బ్రున్నెన్ వచ్చేయండి. కాలినడకన దిగొద్దు, మోకాళ్ళకి ఎక్కుడు కన్నా దిగుడే ప్రమాదం. మ్యూరెన్ దాకా స్విస్ ట్రావెల్ పాస్‌లోనే వస్తుంది, ఈ బస్సు కూడా. రైలు దిగితే రోప్‌వే, రోప్‌వే దిగితే బస్సు, ఒకదానికొకటి టైము కలిపి పెట్టారు. మనకి అరకు రైల్లో ఎంత అందంగా వెళ్తామో, దిగాక జీపు బేరం దగ్గర అంత విసుగొస్తుంది, స్టేషన్ ముందు టైము ప్రకారం తిరిగే చిన్న బస్సులు నాలుగు పెడితే మన పెద్దవాళ్ళు కూడా హాయిగా నడుస్తారు కదా, ఎందుకు పెట్టరో!

పొద్దున బయల్దేరే ముందు మ్యూరెన్ వెబ్‌క్యామ్ చూసుకోండి. తెల్లగా మబ్బు కమ్మి ఉంటే పైకి వెళ్ళి లాభం లేదు, లోయలోనే చదును దారిలో నడవండి, దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి పడే స్టౌబ్‌బాఖ్ జలపాతం లౌటర్‌బ్రున్నెన్ ఊరి చివరే ఉంటుంది. ఇంకొంచెం ముందుకెళ్తే ట్రూమెల్‌బాఖ్ జలపాతం, ఆ మూడు కొండల మంచు కరిగిన నీళ్ళు రాతి లోపల నుంచే దూకుతాయి, సెకనుకి 20 వేల లీటర్ల దాకా. లోపల లిఫ్ట్ ఉంది, కానీ ఆ తర్వాత మెట్లు తడిగా ఉంటాయి, అమ్మగారి చెయ్యి పట్టుకోండి. చలికాలంలో అది మూసేస్తారు.