మోరల్ ఈక్వివలెన్స్ అంటే మెచ్చుకోలు కాదు

తమ్ముడూ, సంపాదకీయంలో ‘దేర్ ఈజ్ నో మోరల్ ఈక్వివలెన్స్’ అన్న వాక్యం చూసి, రచయిత ఎవరిని మెచ్చుకుంటున్నాడని అడిగావు. మెచ్చుకోవడం లేదు, ఒక వాదనను కొట్టేస్తున్నాడు. రెండు పనుల మంచిచెడ్డలు సమానమే అనడం మోరల్ ఈక్వివలెన్స్. ఇంగ్లిష్‌లో ఎక్కువగా అవతలివాళ్లను తప్పుబట్టేటప్పుడే ఈ మాట వస్తుంది.

మన అలిపిరి దారినే తీసుకో. ఒకాయన మెట్ల పక్కన ప్లాస్టిక్ సీసా పారేశాడు. ఇంకొకడు శేషాచలంలో ఎర్రచందనం మాను నరికి, దొరికిపోయాక ‘వాళ్లూ అడవిని పాడుచేస్తున్నారు కదా, నేనొక్కడినేనా?’ అన్నాడు. రెండూ తప్పులే. కానీ ఉద్దేశం, జరిగిన నష్టం చూడకుండా రెంటినీ ఒకే గాటన కట్టేశాడు చూడు, అదీ! అందుకే ఈ మాటకు ముందు ‘ఫాల్స్’ అని కూడా చేరుస్తారు. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో అమెరికాను, సోవియట్ యూనియన్‌ను సమానం చేసేవాళ్లను ఈ మాటతోనే విమర్శించారు.

‘మోరల్ ఈక్వివలెంట్ ఆఫ్ వార్’ వేరే సంగతి, కలిపేసుకోవద్దు. యుద్ధం నేర్పే క్రమశిక్షణను యుద్ధం లేకుండానే నేర్పే పని అన్న అర్థంలో అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ రాసిన వ్యాసం 1910లో అచ్చయింది. 1977లో ఇంధన సంక్షోభంపై మాట్లాడుతూ అప్పటి అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఆ మాటనే వాడాడు.

నీ వాక్యానికి ‘ఈ రెంటినీ ఒకే గాటన కట్టలేం’ అని రాయి, సరిపోతుంది.