గాలానికి ఏ మిన్నో గుచ్చాలి?

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఉంటున్నాం. శనివారాలు సరస్సుకు వెళ్లి క్రాపీ చేపలు పడుతుంటాను. ఎరల షాపులో ఇచ్చే మిన్నోలన్నీ (ఎరగా గుచ్చే చిన్న చేపలు) ఒకేలా కనిపిస్తాయి, పైగా బకెట్‌లో అరగంటకే చచ్చిపోతున్నాయి. ఏది ఏదో ఎలా తెలుస్తుందండీ?

జవాబు: షాపుల్లో ఎక్కువగా అమ్మేవి రెండు రకాలే. తల మొద్దుగా, ఒళ్లు కాస్త గుండ్రంగా, మాసిన ఆకుపచ్చ రంగులో ఉంటే అది ఫ్యాట్‌హెడ్. పక్కలు నొక్కినట్టు పల్చగా ఉండి, వెండిలా బంగారంలా మెరుస్తూ, చిన్న నోరు పైకి తిరిగి ఉంటే గోల్డెన్ షైనర్. దాని పక్కన సాగే గీత మధ్యలో పొట్ట వైపు బాగా వంగి ఉంటుంది, అది చూస్తే ఇక పొరపాటు పడరు. మీవి అంత తొందరగా పోతున్నాయంటే షైనర్లే అయి ఉండొచ్చు, అవి చాలా సున్నితం. ఫ్యాట్‌హెడ్ ఆక్సిజన్ తక్కువైనా తట్టుకుంటుంది కాబట్టి కొత్తవాళ్లకు నేను అదే చెప్తాను.

దయచేసి కుళాయి నీళ్లు నేరుగా పోయకండి, అందులోని క్లోరిన్ చంపేస్తుంది. బకెట్ నీడలో పెట్టి, బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు వేయండి, కిక్కిరిసేలా నింపొద్దు.

క్రాపీకి రెండు అంగుళాల లోపువి చాలు, సన్నటి గాలాన్ని మిన్నో రెండు పెదాల గుండా గుచ్చితే అది ఈదుతూనే ఉంటుంది. పెద్ద షైనర్లు బాస్ చేపలకు ఉంచుకోండి. మిగిలినవి మాత్రం సరస్సులో పారబోయకండి, వాటితో రోగాలూ పరాయి జాతులూ చేరతాయి.