చదివింది గుర్తుండటం లేదన్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

రెండు పేజీలు చదివేసరికి మొదటి పేజీలో ఏముందో గుర్తుండట్లేదని, జ్ఞాపకశక్తి పోయిందేమోనని టెన్షన్ పడుతూ రాశావు. పోలేదులే. అసలు ఆ పేజీ బుర్రలోకి వెళితే కదా గుర్తుండటానికి! కళ్లు అక్షరాల మీదే ఉన్నాయి కానీ, మనసు మాత్రం ఇందాక వచ్చిన మెసేజ్ దగ్గరుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఈ సంగతే రాసింది. ఒక పని సగంలో వదిలి ఇంకో పనిలోకి వెళితే, ధ్యాసలో కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందట. మెసేజ్ చూసింది పది సెకన్లే అయినా, దాని వెంట పోయిన మనసు అంత త్వరగా తిరిగి రాదు.

అందుకని చదివేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టు. సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచుకుంటే, చెయ్యి దానంతటదే అటు పోతుంది. మొదట్లో పావుగంట చాలు. మధ్యలో ఏదో పని గుర్తొస్తే కాగితం మీద రాసి పక్కన పెట్టు. మనసు అటూ ఇటూ పోయిందని నిన్ను నువ్వు తిట్టుకోకు. పోయిన ప్రతిసారీ వెనక్కి తెచ్చుకోవడమే ఇక్కడ సాధన.

ఇక అసలు విషయం. చదవడం అయ్యాక పుస్తకం మూసేసి, గుర్తున్నంతా తెల్లకాగితం మీద రాయి. మొదట నాలుగు ముక్కలు కూడా రావు, సిగ్గేస్తుంది. చాలామంది అక్కడే ఆపేసి మళ్లీ చదవడం మొదలుపెడతారు. రెండోసారి చదివితే అన్నీ తెలిసినట్టే ఉంటాయి, హాయిగా కూడా ఉంటుంది. కానీ తెలిసినట్టు అనిపించడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థులతో ఈ ప్రయోగమే చేశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే, మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లదే పైచేయి. ఆ ఇబ్బందే పనిచేస్తుంది, దాన్ని తప్పించుకోకు. రంగు పెన్నులతో గీతలు గీస్తే పుస్తకం అందంగా ఉంటుంది, అంతే.

ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల ముక్కలు బట్టీపట్టి, తన మరుపును తానే కొలుచుకున్నాడు. 1885లో ఆ లెక్కలు అచ్చువేశాడు. మరుపు మొదటి గంటల్లో జోరుగా ఉండి, తర్వాత నెమ్మదిస్తుందని వాటిలో తేలింది. అందుకే పొద్దున చదివింది ఆ సాయంత్రమే ఒకసారి గుర్తుచేసుకో. తర్వాత మర్నాడు, మూడు రోజులకి, వారానికి. ఒకే రాత్రి పదిసార్లు తిప్పడం కన్నా ఇది మేలు. పరీక్ష ముందు నిద్ర మానుకోవడం అన్నిటికన్నా దండగ. చదివింది మెదడులో బాగా స్థిరపడాలంటే నిద్ర కావాలి.

జ్ఞాపకశక్తి పెంచుతామనే గేమ్ యాప్‌లు కొనాలా అని అడిగావు. వద్దు. వాటివల్ల ఆ ఆట బాగా వస్తుంది, నీ పాఠం రాదు. అలాగని ఫోన్‌ని శత్రువులా చూడక్కర్లేదు. నంబర్లు, తేదీలు, కట్టాల్సిన బిల్లులు అదే గుర్తుంచుకోనీ. వాటికోసం నీ బుర్ర అరగదీసుకోవడం ఎందుకు?

ఆదివారం ఫోన్ చేస్తాను. ఈ వారం చదివిన పాఠం ఏదో ఒకటి చూడకుండా చెప్పాలి. తడబడినా పర్లేదు కానీ, అవతల పేజీలు తిప్పే చప్పుడు మాత్రం వినపడకూడదు.

మీ మామయ్య