శిశు సంరక్షణ సేవల నాణ్యతనూ అందుబాటునూ విడివిడిగా కొలవవచ్చా?

ఐదేళ్లలోపు పిల్లల సంరక్షణ కేంద్రాలపై పరిశోధన మొదలుపెట్టబోతున్నానని మీరు రాశారు. లైసెన్సు ఉన్న కేంద్రాల జాబితా తీసుకుని, అందులోని సీట్లను ఆ ప్రాంతంలోని పిల్లల సంఖ్యతో పోల్చి అందుబాటు మీద ఒక అధ్యాయం, తల్లిదండ్రులకు ప్రశ్నావళి పంపి నాణ్యత మీద మరొక అధ్యాయం రాయాలన్నది మీ ఆలోచన. ఈ పద్ధతి నిలుస్తుందా అని అడిగారు. ఇలాంటి అధ్యయనాల్లో కొన్నేళ్లు క్షేత్ర పరిశీలకురాలిగా, ఆ తర్వాత సమాచార విశ్లేషణలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: జాబితా ఒక్కటే అందుబాటును చెప్పదు, తల్లిదండ్రుల ప్రశ్నావళి ఒక్కటే నాణ్యతను చెప్పదు. అంతకంటే ముఖ్యంగా, ఈ రెండింటినీ కలిపే ముడి ఒకటుంది. అది పిల్లల దగ్గర పనిచేసే సిబ్బంది. వారికి అందే జీతమెంత, వారు ఒక చోట ఎంతకాలం నిలుస్తున్నారు అన్న వివరాలు మీ అధ్యయనంలో లేకపోతే రెండు అధ్యాయాలూ దేనికది విడిపోయి మిగులుతాయి.

ముందు అందుబాటు సంగతి చూద్దాం. అమెరికాలో ‘సంరక్షణ ఎడారి’ అనే కొలమానం విధాన చర్చల్లో బాగా వాడుకలో ఉంది. ఒక జనగణన ప్రాంతంలో ఐదేళ్లలోపు పిల్లలు 50 మందికి మించి ఉండి, అక్కడ కేంద్రమేదీ లేకపోయినా, ఉన్న ఒక్కో సీటుకు ముగ్గురికి మించి పిల్లలున్నా ఆ ప్రాంతాన్ని ఎడారిగా లెక్కిస్తారు. కొరత ఎక్కడుందో పటం మీద చూపించి ప్రభుత్వాలను కదిలించడానికి ఇది పనికొస్తుంది. అయితే బిడ్డను ఎక్కడ దింపాలో తల్లిదండ్రులు జనగణన హద్దులను బట్టి నిర్ణయించుకోరు. వీధి దాటితే వచ్చే పక్క ప్రాంతపు కేంద్రం కూడా వారికి దగ్గరే. అందుకే మిన్నెసోటా రాష్ట్రంపై 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం లెక్కను కుటుంబం వైపు నుంచి మొదలుపెట్టింది. ఒక ఇంటి నుంచి వెళ్లగలిగే దూరంలో ఎన్ని సీట్లున్నాయి, అవే సీట్ల కోసం చుట్టుపక్కల ఎంతమంది పిల్లలు పోటీలో ఉన్నారు, వాటి ఫీజు ఎంత, నాణ్యత ఎలా ఉంది అని చూసింది. చిరునామాల స్థాయిలో సమాచారం దొరికితే మీరూ ఈ దారినే పట్టడం మంచిది.

దానికన్నా ముందు జాబితాలోని ప్రతి కేంద్రానికీ ఫోన్ చేయండి. మా బృందంలో చాలామందికి ఇది విసుగు పుట్టించే పని, నాకు మాత్రం అధ్యయనం మొత్తంలో ఎక్కువ నేర్పినది ఇదే. కొన్ని నంబర్లు పనిచేసేవి కావు, కొన్ని కేంద్రాలు ఎప్పుడో మూతపడ్డాయి. ఒక కేంద్రం నిర్వాహకురాలు, ‘సీట్లున్నాయండీ, చూసుకునే మనుషులే లేరు. పసిపిల్లల గదికి తాళం వేసి ఉంచాం. మీ బాబుకు మూడేళ్లు నిండితే చెప్పండి, రేపే చేర్చుకుంటాం’ అన్నారు, నేను అడుగుతున్నది అధ్యయనం కోసమని చెప్పాక కూడా. సీటు కోసం ఫోన్ చేసే తల్లిదండ్రులకు ఆ రోజంతా అదే జవాబు చెప్పి ఉన్నారు పాపం. జాబితాలో ఆ కేంద్రానికి లైసెన్సు ప్రకారం రావలసిన సీట్లన్నీ ఉన్నాయి. ఏడాది నిండని బిడ్డను పెట్టుకుని ఉద్యోగానికి వెళ్లవలసిన తల్లికి అక్కడ ఒక్క సీటు కూడా లేదు.

అందువల్ల లైసెన్సు సీట్లు వేరు, ప్రస్తుతం నడుపుతున్న సీట్లు వేరు, ఇవాళ ఖాళీగా ఉన్నవి వేరు అని మూడింటినీ విడిగా, వయసుల వారీగా నమోదు చేసుకోండి. పనివేళలు కూడా తప్పకుండా అడగాలి, ఎందుకంటే రాత్రి షిఫ్టులోనో తెల్లవారుజామున మొదలయ్యే షిఫ్టులోనో పనిచేసేవారికి పగటిపూట మాత్రమే తెరిచే కేంద్రం ఎదురింట్లో ఉన్నా అందుబాటులో లేనట్టే. వెయిటింగ్ లిస్టులోని పేర్లను మాత్రం కూడి గిరాకీ అనుకోవద్దు. ఒకే బిడ్డ పేరు నాలుగైదు చోట్ల రాయించడం ఎక్కడైనా జరిగేదే, పుట్టబోయే బిడ్డ పేరు మీద ముందే రాయించేవారూ ఉంటారు.

పసిపిల్లల సీట్లే ఎందుకు కరువవుతాయన్నది మీ వ్యాసంలో విడిగా వివరించదగిన విషయం. ఏడాదిలోపు పిల్లలకు ముగ్గురికి ఒకరు, లేదా నలుగురికి ఒకరు చొప్పున మనిషి ఉండాలని అమెరికాలోని వృత్తి సంఘాలు సిఫారసు చేస్తాయి. నాలుగేళ్ల పిల్లలకైతే పదిమందికి ఒకరు సరిపోతారు. కేంద్రం ఖర్చులో పెద్ద భాగం జీతాలే కాబట్టి, పసిపిల్లల గది తన ఫీజుతో తాను నిలబడడం కష్టం. పెద్ద పిల్లల గదుల ఆదాయంతోనే చాలా కేంద్రాలు దాన్ని నెట్టుకొస్తాయి. న్యూయార్క్ నగరం 2014 నుంచి నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత విద్యను విస్తరించాక, రెండేళ్లలోపు పిల్లల సీట్లు తగ్గాయని ఒక అధ్యయనం చూపింది. ఒక వయసు వారికి చేసిన మేలు మరో వయసు వారి సీట్లను తగ్గించిందన్నమాట. మొత్తం సీట్లను ఒకే అంకెగా చూపిస్తే ఇది కనబడదు.

ఇక నాణ్యత. పరిశోధకులు దీన్ని రెండు పొరలుగా చూస్తారు. గదిలో ఎంతమంది పిల్లలు, ఒక్కో మనిషికి ఎంతమంది, సిబ్బంది చదువూ శిక్షణా ఏమిటి అన్నవి నిర్మాణానికి సంబంధించినవి. నియంత్రించడానికి వీలైనవి, బయటి నుంచి లెక్కపెట్టగలిగినవి. బిడ్డకు రోజంతా నిజంగా ఏం జరుగుతోంది, ఎవరు పలకరిస్తున్నారు, ఏడిస్తే ఎవరు ఎంతసేపటికి వస్తున్నారు అన్నవి ప్రక్రియకు సంబంధించినవి. అమెరికాలో 1979లో వెలువడిన జాతీయ డేకేర్ అధ్యయనం మూడు నుంచి ఐదేళ్ల పిల్లల విషయంలో గుంపు చిన్నదిగా ఉండడమూ, సిబ్బందికి పిల్లల పెంపకంలో ప్రత్యేక శిక్షణ ఉండడమూ ముఖ్యమని తేల్చింది. థెల్మా హార్మ్స్, రిచర్డ్ క్లిఫర్డ్ 1980లో ప్రచురించిన ఎకర్స్ కొలమానం గదిలో కూర్చుని చూసి 1 నుంచి 7 వరకు స్కోరు వేసే పద్ధతిని స్థిరపరిచింది. పసిపిల్లల గదుల కోసం దాని జోడీ ఐటర్స్ 1990లో వచ్చింది. పెద్దవారికీ పిల్లలకూ మధ్య నడిచే వ్యవహారం మీదే దృష్టి పెట్టే క్లాస్ అనే కొలమానం 2008లో ప్రచురితమైంది.

ఈ కొలమానాలు ఏం చూపిస్తాయో, ఎక్కడ తడబడతాయో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒకసారి దగ్గర దగ్గర రోజుల్లోనే రెండు పసిపిల్లల గదులను పరిశీలించాను. మొదటిది కొత్త గది, అద్దంలా మెరుస్తోంది, బొమ్మలన్నీ పిల్లల చేతికి అందని ఎత్తులో అలమరలో సర్ది ఉన్నాయి. చేతులు కడిగించడానికి పిల్లలను వరుసగా కూర్చోబెట్టారు. వరుస చివర ఉన్న పాప గోడ మీది పక్షి బొమ్మను పదే పదే వేలితో చూపిస్తూ పక్కకు తిరిగి చూసింది, ఎవరూ పలకలేదు, చివరికి వేలు దించేసి తన చొక్కా అంచు నములుతూ కూర్చుంది. రెండో గదిలో గోడల రంగు వెలిసిపోయింది. అక్కడి ఆయా ఒక బాబుకు డయపర్ మారుస్తూ, ‘తుడిస్తే చల్లగా ఉందా? ఇప్పుడు కాలెత్తు చూద్దాం. ఇంకో మేజోడు ఏదీ?’ అని అడిగి ఆగింది. వాడేదో ఊకొట్టేదాకా ఎదురుచూసి, వాడు చేసిన శబ్దాన్నే తిరిగి పలికి, ‘అవునా, మంచం కిందికి పోయిందా!’ అంది. ఆ మాటల వరస డయపర్ పని ముగిసేదాకా సాగింది. కానీ ఆమె చేతులు సరిగా కడుక్కోకుండానే మరో బిడ్డను ఎత్తుకుంది. పరిశుభ్రత అంశంలో ఆ గదికి తక్కువ స్కోరు వేయక తప్పలేదు, మాటల అంశంలో ఎక్కువ స్కోరు వేశాను.

సగటు తీస్తే రెండు గదులూ దాదాపు ఒక్కటే అయిపోయాయి. రెండు లోపాలూ పట్టించుకోవలసినవే, చేతులు కడగని చోట రోగాలు వ్యాపిస్తాయి. అయితే ఒకటి ఒక సబ్బుతో, ఒక వాష్‌బేసిన్‌తో, కొద్దిపాటి శిక్షణతో సరిచేయగలిగినది. మరొకటి అంత తేలికగా సరయ్యేది కాదు. మొత్తం స్కోరును మాత్రమే ప్రచురించే నివేదికలంటే నాకు నమ్మకం తగ్గింది అందుకే. మీరు ఏ కొలమానం వాడినా విభాగాల వారీ స్కోర్లను తప్పక ఇవ్వండి.

తల్లిదండ్రుల ప్రశ్నావళి విషయానికి వస్తే, కాలిఫోర్నియా, కొలరాడో, కనెక్టికట్, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో దాదాపు 400 కేంద్రాలను పరిశీలించి 1995లో వెలువరించిన నివేదికను మీరు చదివి తీరాలి. అందులో ఏడింట ఒక కేంద్రం మాత్రమే పిల్లల ఎదుగుదలకు తోడ్పడే స్థాయిలో ఉంది, పసిపిల్లల గదుల్లో 40 శాతం కనీస స్థాయికి కూడా దిగువన ఉన్నాయి. తల్లిదండ్రుల్లో 90 శాతం మంది మాత్రం తమ పిల్లల గది చాలా బాగుందన్నారు. దీన్ని తల్లిదండ్రుల అశ్రద్ధగా చూడడం అన్యాయం. వారు గదిని చూసేది పొద్దున దింపేటప్పుడు, సాయంత్రం తీసుకెళ్లేటప్పుడు మాత్రమే. మధ్యలో ఏం జరిగిందో చెప్పే వయసు బిడ్డకు లేదు. మరో కేంద్రం దొరికే ఆశ లేనప్పుడు ఉన్నది మంచిదే అనుకోకుండా ఉద్యోగంలో మనసు పెట్టడం ఎవరి వల్ల అవుతుంది? నాణ్యతకు మార్కులు వేయమని అడగడం మానేసి, వారికి మాత్రమే తెలిసిన సంగతులు అడగండి: ఎన్ని చోట్ల ప్రయత్నించారు, దేన్ని వదులుకున్నారు, సీటు దొరక్క ఉద్యోగ వేళలు మార్చుకున్నారా, ఏడాదిలో బిడ్డను చూసుకునే మనిషి ఎన్నిసార్లు మారింది. అందుబాటు అధ్యాయానికి ఈ జవాబులు బంగారం లాంటివి.

ఆ చివరి ప్రశ్న దగ్గరే నేను మొదట చెప్పిన ముడి ఉంది. 1989లో అమెరికాలోని ఐదు నగరాల్లో 227 కేంద్రాలపై జరిగిన జాతీయ సిబ్బంది అధ్యయనం, ఏడాదికి 41 శాతం మంది సిబ్బంది ఉద్యోగం వదిలి వెళ్తున్నారనీ, నాణ్యతతో అన్నింటికంటే గట్టి సంబంధం ఉన్న పని పరిస్థితి జీతమేననీ చెప్పింది. అది సంబంధం మాత్రమే, కారణమని ఎలా అంటారన్న సందేహం చాలాకాలం ఉండేది. వర్జీనియా రాష్ట్రంలో 2019లో లాటరీ పద్ధతిలో కొందరు టీచర్లకు, ఎనిమిది నెలల పాటు అదే కేంద్రంలో కొనసాగితే 1,500 డాలర్ల వరకు ఇస్తామన్నారు. సంరక్షణ కేంద్రాల్లో మానేసేవారి శాతం 30 నుంచి 15కు, అంటే సగానికి పడిపోయింది. మనిషి మానేసినప్పుడు గది మూతపడితే అది అందుబాటు లెక్కలోకి వస్తుంది, కొత్త మనిషితో ఎలాగో గది నడిస్తే నాణ్యత లెక్కలోకి వస్తుంది. మూలం ఒక్కటే. ప్రతి కేంద్రంలోనూ గత ఏడాది ఎందరు మానేశారు, ఎందుకు మానేశారు, ఇప్పుడున్నవారు ఎంతకాలంగా ఉన్నారు అని అడిగి, ఆ అంకెను రెండు అధ్యాయాల్లోనూ వాడండి.

మంచి కేంద్రంలో చేరిన పిల్లలు బాగా ఎదిగారని తేలితే, అది కేంద్రం వల్లనేనని వెంటనే రాయవద్దని కూడా చెప్పాలి. మంచి కేంద్రాన్ని వెతికి పట్టుకోగలిగిన ఇళ్లలో బిడ్డకు మేలు చేసే పరిస్థితులు ఇంకా చాలా ఉంటాయి. పది ప్రాంతాల్లో 1991లో పుట్టిన 1,364 మంది పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించిన అమెరికా జాతీయ శిశు ఆరోగ్య సంస్థ అధ్యయనంలో, నాణ్యమైన సంరక్షణకూ భాషా సామర్థ్యానికీ సంబంధం కనిపించింది గానీ అది పరిమితమైనదే. కుటుంబ ప్రభావం అంతకంటే బలమైనది. లాటరీ వేసి పిల్లలను ఎంచుకున్న పెర్రీ, అబెసిడేరియన్ అనే అమెరికా శిశు విద్యా ప్రయోగాల్లో ఫలితాలు పెద్దవే అయినా, వాటిలో పాల్గొన్నది 123 మంది, 111 మంది పేద పిల్లలు మాత్రమే, అందించిన సేవ కూడా మామూలు కేంద్రాలు అందించగలిగేది కాదు. మరోవైపు కెనడాలోని క్విబెక్ 1997లో రోజుకు ఐదు డాలర్లకే సంరక్షణ మొదలుపెట్టినప్పుడు తల్లుల ఉద్యోగాలు పెరిగాయి, కానీ పిల్లల ప్రవర్తనలో కొన్ని ప్రతికూల మార్పులు కనిపించాయని 2008లో ఆర్థికవేత్తలు చూపారు. సీట్లు వేగంగా పెరిగిన చోట నాణ్యత అన్ని కేంద్రాల్లో ఒకేలా లేకపోవడం దీనికి ఒక కారణమని నా అభిప్రాయం.

పని మొదలుపెట్టేటప్పుడు బంధువులు, ఇరుగుపొరుగు ఇళ్లలో జరిగే సంరక్షణను వదిలేయకండి. చాలా కుటుంబాలకు ఆధారం అదే, పైగా ఏ జాబితాలోనూ ఉండదు. పరిశీలకులు ఇద్దరు ఒకే గదిలో కూర్చుని విడివిడిగా వేసిన స్కోర్లు ఎంతవరకు కలుస్తున్నాయో శిక్షణ సమయంలోనే కాక, మధ్యమధ్యలోనూ సరిచూసుకోండి, ఎందుకంటే నెలలు గడిచేకొద్దీ కన్ను అలవాటు పడి మనకు తెలియకుండానే ఉదారంగా మారుతుంది. సమయమో డబ్బో తక్కువైతే కేంద్రాల సంఖ్యను తగ్గించుకోండి గానీ, ఒక్కో గదిలో కూర్చోవలసిన మూడు గంటలను తగ్గించుకోకండి. శాంపిల్ ఎంత చిన్నదైనా అందులో పసిపిల్లల గదులు ఉండేలా చూసుకోండి. వాటిలోకి అనుమతి దొరకడం కష్టం, పరిశీలన కూడా కష్టం, కానీ సీట్ల కొరతా నాణ్యత లోటూ రెండూ అన్నింటికంటే ఎక్కువగా ఉన్నది ఆ గదుల్లోనే.