నర్సరీలో నూరు వరహాలు, చైనా ఇక్సోరా, మినీ ఇక్సోరా అని వేరేవేరేగా అమ్ముతున్నారు, ఇవన్నీ ఒకటేనా? అమలాపురంలో మా ఇంటికి తెచ్చి నాటి ఉప్పు బోరు నీళ్ళు పోస్తుంటే కొత్తాకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటున్నాయి, పూలు కూడా తగ్గాయి, ఎందుకు?

మాది ఆలమూరు వైపండి. చదువుకునే రోజుల్లో సెలవులొస్తే కడియపులంకలో మావయ్య వాళ్ళ నర్సరీలోనే మకాం, కటింగులు కవర్లలో గుచ్చడం దగ్గర్నుంచి లారీలకి లోడెత్తడం దాకా అన్నీ చేశాను కాబట్టి చెప్తున్నా.

ఇక్సోరా అంటే ఒక మొక్క కాదు, ఓ పెద్ద ప్రజాతి, అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపు. ఉష్ణ ప్రాంతాలన్నిట్లో కలిపి ఐదొందలకి పైనే జాతులున్నాయి. మన పెరళ్ళలో ఎర్రగా గుత్తులు పూసే నూరు వరహాలు వాటిలో ఒకటి, ఇక్సోరా కాక్సీనియా, మన దక్షిణాదిదీ శ్రీలంకదీ. కాబట్టి మీకు చెప్పిన పేర్లన్నీ ఒకే ప్రజాతివి, కానీ ఒకే జాతివి కాదు.

రంగు చూసి మాత్రం పోల్చుకోకండి, ఒకే జాతిలో ఎరుపు, పసుపు, గులాబీ అన్నీ ఉంటాయి. కణుపు దగ్గర చూడాలి. ఆకులు జంటగా ఎదురెదురుగా వస్తాయి, ఆ రెండిటి మధ్యలో కాండానికి అంటుకుని మొనదేలిన చిన్న పొర కనబడుతుంది, వాటిని పుచ్ఛాలంటారు. కాఫీ మొక్కకీ కదంబానికీ కూడా ఇలాగే ఉంటాయి, అన్నీ ఒకే కుటుంబం మరి. తెల్ల ఇక్సోరాని చూసి నందివర్ధనం అనుకునేవాళ్ళూ ఉన్నారు, నందివర్ధనానికి ఆకు తుంచితే పాలు కారతాయి, రేకలు ఐదు. దీనికి పాలు రావు, రేకలు నాలుగే.

ఇక నాటు నూరు వరహాలకి రేకల చివర్లు కోసుగా ఉంటాయి, ఆకుకి కాడ దాదాపు ఉండదు, కొమ్మని పట్టుకున్నట్టే ఉంటుంది. చైనా రకానికి రేకల చివర్లు గుండ్రంగా ఉంటాయి, ఆకుకి పొట్టి కాడ ఉంటుంది. మినీ అంటే చిన్నాకుల పొట్టి రకం, దార్ల పక్కన కంచెలా వేసేది.

నాకు ఈ పూవులో అన్నిటికంటే నచ్చేది పుప్పొడి సంగతి. పూవు ఇంకా మొగ్గలో ఉండగానే కేసరాలు పగిలి పుప్పొడంతా మధ్యలో ఉన్న కీలం (సన్నటి ఆడ కాడ) మీద పోసేస్తాయి, పూవు విచ్చాక ఖాళీ కేసరాలు రేకల సందుల్లోకి వాలిపోతే ఆ కీలం ఒక్కటే పుప్పొడి పూసుకుని బయటికి పొడుచుకుని నిలబడుతుంది, సీతాకోకచిలుక తేనె కోసం తల పెట్టగానే దాని మొహానికి అంటిస్తుంది, ఆ తర్వాతే కీలం చివర పాము నాలుకలా రెండుగా చీలి వేరే పూవు పుప్పొడి తీసుకోడానికి సిద్ధమవుతుంది. ఒక గుత్తిలోనే రెండు దశలూ దొరుకుతాయి, చూడండి కావాలంటే. తేనె ఆ సన్నటి గొట్టం అడుగున ఉంటుంది, పొడుగు తొండం ఉన్న సీతాకోకచిలుకలకే హాయిగా అందుతుంది. మేం చిన్నప్పుడు పూవు వెనకనుంచి పీల్చేవాళ్ళం లెండి, పండిన కాయలు కూడా తినేవాళ్ళం, పెద్ద రుచేం ఉండదు.

మీ రెండో సమస్య మట్టిది. కొత్తాకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయన్నారు కదా, అది ఇనుము అందకపోవడం. ఈ మొక్కకి కాస్త పులుపు (ఆమ్ల గుణం ఉన్న) నేల కావాలి, నర్సరీ కవర్లో ఎర్రమట్టిలో బానే ఉంటుంది, తెచ్చి సిమెంటు గోడ పక్కన పాతి అమలాపురంలో మీరు చెప్పిన ఉప్పు బోరు నీళ్ళు పోస్తే నేల పులుపు తగ్గిపోయి, అందులో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. గోడకి దూరంగా జరపండి, గుంటలో ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు వేయండి, కుదిరితే కాలవ నీళ్ళో వాన నీళ్ళో పోయండి. లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొడితే కొత్తాకు తేరుకుంటుంది. కానీ మట్టి మార్చకుండా ఎన్నిసార్లు కొట్టినా మళ్ళీ మామూలే. బంకమట్టిలో నీళ్ళు నిలవనివ్వొద్దు కూడా.

పూలు తగ్గాయి అన్నారు, మీరు అస్తమానం కత్తిరిస్తున్నారేమో. గుత్తి వచ్చేది కొమ్మ చివర్నే, చివర్లు కోసేస్తుంటే ఇక పూవెక్కడిది? గుత్తి వాడాక దాని కింద రెండు కణుపులు వదిలి కోయండి చాలు. ఆ కోసిన వాటిలో మరీ లేతగా లేని ముక్కలు వానాకాలంలో ఇసక కలిపిన ఎర్రమట్టిలో గుచ్చి నీడలో పెట్టండి, ఇంకో మొక్క కొనక్కర్లేదు.