అణువు అంటే ఏది? అణుబాంబులో ఉన్నది ఏది?

మీ అమ్మాయికి వచ్చిన అనుమానం న్యాయమైనదే. సైన్సు పుస్తకంలో ‘అణువు’ అంటే మాలిక్యూల్, ‘పరమాణువు’ అంటే ఆటమ్. మరి ఆటమ్ బాంబును అణుబాంబు అంటామేం అని కదా అడిగింది.

సంస్కృతంలో ‘అణు’ అంటే మొదట సన్నని, చిన్న అని మాత్రమే. వరిగ గింజకీ ఆ పేరుంది, దాని సైజు చూస్తే ఎందుకో తెలుస్తుంది! ఇక విడదీయలేని చివరి రేణువును వైశేషికులు, అంటే మన ప్రాచీన దర్శనాల్లో ఒకటైన వైశేషికాన్ని అనుసరించినవాళ్లు, పరమాణువు అన్నారు. భాగవతం లెక్కలో రెండు పరమాణువులు ఒక అణువు, మూడు అణువులు ఒక త్రసరేణువు. కిటికీలోంచి పడే ఎండలో తేలే నలుసు, అదే త్రసరేణువు. పాఠ్యపుస్తకాల వాడుక ఈ వరసకి దగ్గరగా ఉంది: రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిస్తే ఒక నీటి అణువు.

పత్రికలకి ఇంత పట్టింపు లేదు. అణుబాంబు, అణువిద్యుత్తు, అణు ఒప్పందం అన్నీ పొట్టి మాటలు, అలాగే నిలిచిపోయాయి. నిజానికి ఆ బాంబులో చీలేది పరమాణు కేంద్రకం. ‘కేంద్రక బాంబు’ అంటే సరిగ్గా ఉండేది గానీ, ఎవరు పలుకుతారు?

పరీక్షలో మాత్రం పుస్తకం మాటే రాయమనండి. పరమాణు సంఖ్య బదులు ‘అణు సంఖ్య’ అని రాస్తే మార్కు పోవచ్చు. ‘అణువణువునా’, ‘అణుమాత్రం’ లాంటివి తెలుగు పరీక్షకి దాచుకోమనండి.